నాటించిన చేతులు, నాటిన చేతులు

అశోకుడు బాటల పొంటి చెట్లు నాటించాడని ఏటా పిల్లలకు పాఠం చెప్తాను. అబద్ధం కాదు. మర్రిచెట్లు నాటించానని, మామిడితోపులు పెట్టించానని ఏడో స్తంభశాసనంలో ఆయనే చెక్కించుకున్నాడు. చిక్కంతా ఆ ‘నాటించెను’తోనే. ఒక్క ‘ఇంచు’ చేరిస్తే చాలు, గుంత తవ్వినోడు, నీళ్లు మోసినామె, మొక్క పెట్టినామె అందరూ మాయమైతరు. చరిత్ర పుస్తకాల్లో మేము మాయమైన తీరు ఇదే.

మా అవ్వ నాటించలేదు. నాటింది.

కాళేశ్వరంలో గోదావరి, ప్రాణహిత కలుస్తయి. ముక్తేశ్వరుని గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్నాయని అందరికీ ఎరుకే. ఆ చుట్టుపక్కల అడవుల్లో టేకు ఎవరు పెట్టిన్రో ఎవరికెరుక? 1990ల్లో వన సంరక్షణ సమితులు వచ్చినంక, ప్రపంచ బ్యాంకు అప్పుతో అడవి అంచు ఊళ్లల్లో ప్లాంటేషన్లు లేచినయి. మా మాదిగవాడ ఆడోళ్లకు అదే కూలి.

చల్లని దేశాల్లో వసంతంలో మొక్కలు నాటుతరు. మా దిక్కు వసంతమంటే గుంతల కాలం. ఉగాది పోయినంక, నేల ఇనుమోలె గట్టిపడ్డప్పుడు, గడ్డపారతో అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు తవ్వాలె. మేస్త్రి పుల్లపెట్టి కొలిచేటోడు. పుల్ల మునగకుంటే ఆ గుంత లెక్కలోకి రాదు. కోడికూతకు లేచి, సద్ది కట్టుకొని, ఎండ ముదరకముందే సగం పని కావాలె. నర్సరీలో ఎర్రమట్టి, ఇసుక, పెంట ఎరువు కలిపి కవర్లు నింపుడు ఇంకో పని. అక్కడ కూలి కవర్ల లెక్కన. మిరుగు చినుకులు పడ్డంక నాటుడు. టేకుకు కవరు అక్కర్లేదు. ఏడాది నారు పీకి, ఆకులు, సన్నవేర్లు కోసి, బొటనవేలంత లావు స్టంపు చేస్తరు. గడ్డపారతో బొక్క పొడిచి, స్టంపు దింపి, చుట్టూ మట్టిని మడిమెతో గట్టిగ తొక్కాలె. లోపల గాలి మిగిలితే ఎండిపోతది. ఈ విద్యకు సర్టిఫికెట్ లేదు.

నీళ్లకుండ మేస్త్రి దగ్గరుండేది. మావోళ్లు దోసిలి పట్టాలె, ఆయన పైనుంచి పోయాలె. మొక్కకు మాత్రం మా చేతి నీళ్లు మైల కాలేదు.

టేకుతోటల చరిత్ర 1840ల్లో కేరళ నీలంబూరులో మొదలైందని చదువుకున్నాను. కలెక్టర్ కొనోలీ పేరు ఇప్పటికీ ఆ తోటకుంది. బర్మాలో బ్రిటిషోళ్లు ఇంకో ఉపాయం పట్టిన్రు. కొండజనం టేకు నాటాలె, వరుసల నడుమ రెండు మూడేండ్లు పంట తీసుకోవాలె, చెట్టు ఎదగంగనే జాగా విడిచి పోవాలె. దాని పేరు టాంగ్యా. మా అవ్వకు ఆ నడుమ పంట కూడా లేదు.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, ఎండుపుల్లల మోపు తెస్తున్న అవ్వను గార్డు ఆపి గొడ్డలి గుంజుకున్నడు.

“సారూ, ఈ చెట్లు మేం పెట్టినయే.”

“పెడితే? నీ అయ్య జాగీరా?”

2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ మొదలైనంక ఆడ, మగ ఇద్దరికీ ఒకటే రేటు. అవ్వ పేరు మస్టర్‌లోకి ఎక్కింది అప్పుడే. 2015 జూలైలో హరితహారం వచ్చింది, లక్ష్యం 230 కోట్ల మొక్కలు. ఇంకోదిక్కు కాళేశ్వరం ప్రాజెక్టు కింద మూడు వేల హెక్టార్లకు పైగా అడవి భూమి పోయింది. పోయినదానికి బదులు అడవి పెంచాలని నియమం. మళ్ల గుంతలు. అప్పటికి అవ్వ మోకాళ్లు వంగుతలేవు. ఆమె గడ్డపార తీసుకొని మా చిన్నమ్మ పోయింది.