మేడ్చల్ దారిలో డ్యూకో

హైదరాబాదుకు ఉత్తరాన మేడ్చల్ మీదుగా నాగపూర్ రోడ్డు, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ రోడ్డు సాగిపోతాయి. మొదటిది నేటి 44వ జాతీయ రహదారి, రెండోది రాజీవ్ రహదారి. లారీల రాకపోకలు తెగని ఇలాంటి దారుల పక్కన వెలసిన డెంటింగ్, పెయింటింగ్ షెడ్లలో బండికి కొట్టే రంగు ఏ కంపెనీదైనా దానికి 'డ్యూకో' అన్న పేరే స్థిరపడింది. నిజానికి అది 1923లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ తన నైట్రోసెల్యులోజ్ లక్కకు, అంటే పత్తి వంటి నారను ఆమ్లాలతో మార్చి ద్రావకంలో కరిగించిన పూతకు, పెట్టుకున్న వ్యాపారనామం.

అంతకుముందు కార్లకు నూనె వార్నిష్‌ను కుంచెతో పొరలుపొరలుగా పూసి, ఆరడానికి వారాల తరబడి వేచి ఉండేవారు. లక్కలో ద్రావకం గాలిలో కలిసిపోతే చాలు, పూత గట్టిపడుతుంది; అయితే అంత త్వరగా ఆరేదాన్ని కుంచెతో లాగితే చారలు పడతాయి కనుక స్ప్రే గన్ తప్పనిసరి అయింది. ఆ గన్ మూలం వైద్యంలో ఉండడం విశేషం: ఒహాయోకు చెందిన డాక్టర్ డెవిల్‌బిస్ 1888లో గొంతులోకి మందు చిమ్మడానికి చేసిన పరికరం నుంచే ఆయన కుమారుడు రంగు చిమ్మే గన్‌ను రూపొందించాడు. రంగును థిన్నర్‌తో తగినంత పలచన చేయడం ఒక విద్యగా మారింది అప్పటి నుంచే.

హైదరాబాదు రాజ్యంలో 1932లో 27 బస్సులతో ప్రభుత్వ రవాణా మొదలైంది. 1942లో ఏర్పడిన ఆల్విన్ సంస్థ బస్సు బాడీలు కూడా కట్టింది. అలా రంగు కొట్టాల్సిన బండ్లు ఇక్కడా పెరిగాయి. అయితే డ్యూకో మోటారు బండ్లకే పరిమితం కాలేదు. మేడ్చల్ దాటి అదే రోడ్డున ఉత్తరానికి పోతే వచ్చే నిర్మల్‌లో, ఒకప్పుడు చెట్ల పసరులు, ఖనిజాల నుంచి తీసిన రంగులు వాడిన చేతివృత్తులవారు తరవాత పొనికి కర్ర బొమ్మలకూ చిత్రాలకూ డ్యూకో రంగులను స్వీకరించారు. సంప్రదాయం చెడిందని దీన్ని నిందించడం సులువే కానీ, లారీ రంగును సన్నని గీతకు లొంగదీసుకోవడం తక్కువ నేర్పేమీ కాదు.

ఆ నేర్పుకు అసలు పరీక్ష ఎయిర్‌బ్రష్ దగ్గర ఎదురవుతుంది. ఫొటోలు దిద్దడానికీ నీటిరంగులకూ 19వ శతాబ్దం చివర రూపొందిన ఈ పరికరపు ముక్కు రంధ్రం 0.2 నుంచి 0.5 మిల్లీమీటర్లు ఉంటే, బండికి కొట్టే గన్‌ది 1.3 మిల్లీమీటర్లకు అటూఇటూ ఉంటుంది. సన్నని గొట్టంలో వ్యాసం సగమైతే ద్రవం పారడానికి అడ్డు పదహారు రెట్లవుతుంది కనుక, గన్‌కు సమపాళ్ళ థిన్నర్‌తో సరిపోయే బేస్‌కోటుకు, అంటే మెరుపు పూత కింద రంగునిచ్చే పూతకు, ఇక్కడ రెండు పాళ్ళు అవసరం కావచ్చు. పుల్ల ముంచి తీసినప్పుడు రంగు పాలలా జారి, కప్పు గోడ మీద పలచని తెర మిగిల్చితే చిక్కదనం కుదిరినట్టు. మరీ పలచనైతే రంగు సాలీడు కాళ్ళలా పక్కలకు పాకుతుంది. చిక్కగా ఉంటే బత్తాయి తొక్కలా గరుకుతేలుతుంది.

కాలాన్ని బట్టి థిన్నర్ కూడా మారాలి. మే నెల ఎండలో త్వరగా ఆవిరయ్యేది వాడితే తుంపర రేకును తాకకముందే పొడిబారుతుంది, ముక్కు కట్టుకుపోతుంది. వానాకాలంలో అదే థిన్నర్ ఆవిరవుతూ రేకును చల్లబరచడంతో గాలిలోని తేమ లక్క పూత మీద చేరి తెల్లని మసక కమ్ముతుంది. అందుకే నెమ్మదిగా ఆవిరయ్యే రిటార్డర్‌ను కొద్దిగా కలుపుతారు. పై మెరుపుకు వాడే రెండు డబ్బాల పీయూ (పాలీయూరిథేన్) క్లియర్‌కోటు విషయంలో మాత్రం థిన్నర్‌తో పూత గట్టిపడదు. దానికి హార్డెనర్‌ను తయారీదారు చెప్పిన పాళ్ళలోనే ముందు కలిపి, ఆ తరవాతే పలచన చేయాలి. హార్డెనర్‌లోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి కనుక, ముక్కుకు కట్టుకున్న చేతిరుమాలు అక్కడ చాలదు.