బేబీ షవర్ బల్ల అలంకరణ

బేబీ షవర్ విందులో బల్ల నడిమధ్య పెట్టే అలంకరణను సెంటర్‌పీస్ అంటారు. పుట్టబోయే బిడ్డకు కావలసినవన్నీ స్నేహితులు తెచ్చి తల్లికి ఇచ్చే ఈ వేడుక అమెరికాలో రూపుదిద్దుకుంది. దాని బల్ల మీదికెక్కిన అలంకరణకు మాత్రం యూరప్ రాజాస్థానాల్లో అంతకు ముందే కొన్ని వందల ఏళ్ళ చరిత్ర ఉంది. కొంగ, బాతుపిల్ల, ఎలుగుబంటి, ఏనుగు, నెలవంక, గొడుగు ఇలా ఏదో ఒకదాన్ని ఎంచుకుని, కేకు మొదలుకొని అతిథుల చేతికిచ్చే చిన్న కానుక దాకా అన్నిటినీ దానికే ముడిపెట్టడాన్ని థీమ్ అంటున్నారు. ఎవరు చేసినా పాటించే కొలత ఒకటుంది: ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళకు ఒకరి ముఖం ఒకరికి కనబడాలి. అందుకని అలంకరణ ఎత్తు అడుగు దాటకుండా చూస్తారు, లేదంటే సన్నని కాడ మీద తలకంటే పైకి లేపుతారు. ఈ రెంటికీ మధ్య ఆగిపోయినది ఎంత అందంగా ఉన్నా మాటలకు అడ్డమే.

చక్కెర నుంచి పింగాణీకి

మధ్యయుగపు ఇంగ్లండ్ రాజుల విందుల్లో ఒక వరస వంటకాలు ముగిశాక ‘సటల్టీ’ అనే బొమ్మను హాల్లోకి మోసుకొచ్చేవారు. చక్కెర, బాదం ముద్ద, మైనం కలిపి కోటలూ జంతువులూ దేవదూతలూ చేసేవారు. అప్పట్లో చక్కెర మసాలా దినుసులంత ఖరీదైనది కాబట్టి, దాన్ని బొమ్మగా చేసి చూపించడమే ఇంటి యజమాని హోదాకు గుర్తు. ఇటలీలో ఈ కళ శిల్పుల చేతికి వెళ్ళింది. 1600 అక్టోబరులో ఫ్లారెన్స్‌లో మరియా దె మెదిచీకి ఫ్రాన్స్ రాజు నాలుగో హెన్రీతో జరిగిన పెళ్ళి విందులో, ప్రసిద్ధ శిల్పి జాంబోలోన్యా కంచు బొమ్మల నమూనాలతో చక్కెర శిల్పాలు పోసి బల్లల మీద నిలబెట్టారు. పొడి చక్కెరలో ట్రాగకాంత్ జిగురు కలిపి పిసికితే చపాతీ ముద్దలా సాగుతుంది, అచ్చులో నొక్కితే గీత గీతా పడుతుంది, ఆరితే రాయిలా గట్టిపడుతుంది. తేమ తగిలితే మాత్రం ఆ శ్రమంతా కరిగిపోతుంది.

పురుడుకు ప్రత్యేకంగా చేయించిన వస్తువుల్లో పేరున్నది కూడా ఫ్లారెన్స్‌దే. బాలింతకు తినుబండారాలు తీసుకెళ్ళడానికి బొమ్మలు వేసిన చెక్క పళ్ళేన్ని ‘దెస్కో ద పార్తో’ అనేవారు. 1449లో లొరెంజో దె మెదిచీ పుట్టినప్పుడు స్కెజ్జా అనే చిత్రకారుడు వేసిన పళ్ళెం ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఇది బల్ల మధ్య పెట్టే అలంకరణ కాదు, నిజమే. కానీ పుట్టుక కోసం ప్రత్యేకంగా బొమ్మలు వేయించి, పని అయ్యాక దాచుకునే అలవాటు ఎంత పాతదో అది చెబుతుంది.

చక్కెర బొమ్మలకు పోటీ జర్మనీ నుంచి వచ్చింది. 1710లో మైసెన్‌లో పింగాణీ కర్మాగారం మొదలైంది. 1731లో అక్కడ చేరిన శిల్పి యోహాన్ యోవాకిమ్ కాండ్లర్ గొర్రెల కాపరులు, నటులు, వీధి వర్తకులు, పక్షులు ఇలా అరచేతి ఎత్తు బొమ్మలెన్నో తయారుచేశాడు. తీపి వంటకాల వేళకు వీటిని తోటలా పరిచేవారు. ఈ పింగాణీ బొమ్మలు కొలువులో మిఠాయి విభాగం అధీనంలో ఉండేవి. వంటింటి సామాను లెక్కల్లో చక్కెర బొమ్మల చోటునే ఇవి తీసుకున్నాయి. కరగనివి, మళ్ళీ మళ్ళీ వాడుకోగలిగినవి దొరికాక ఏటేటా చక్కెర పోయించుకునే అవసరం తగ్గింది.

బల్ల మధ్య చోటు ఖాళీ అయింది

ఈ చరిత్రలో అసలు మలుపు అలంకరణ వల్ల రాలేదు, వడ్డన వల్ల వచ్చింది. ఫ్రెంచి పద్ధతిలో వంటకాలన్నీ ఒకేసారి బల్ల మీద పరిచేవారు. గిన్నెలూ మూతలూ పోగా మిగిలిన కాస్త చోటులోనే వెండి స్టాండో అద్దాల పళ్ళెమో ఇమడాలి. రష్యన్ పద్ధతిలో పనివాళ్ళు పక్క బల్ల దగ్గర వంటకాన్ని కోసి, ఒక్కొక్కటిగా అతిథి దగ్గరికి తెస్తారు. పారిస్‌లో రష్యా రాయబారిగా ఉన్న అలెగ్జాండర్ కురాకిన్ 1810 ప్రాంతంలో దీన్ని పరిచయం చేశాడని చెబుతారు. ఆ శతాబ్దం రెండో సగానికి యూరప్ అంతటా, ఇంగ్లండ్‌లోనూ ఇదే నాగరిక పద్ధతి అయింది. గిన్నెలు బల్ల దిగిపోయేసరికి తెల్లటి గుడ్డ పరిచిన పొడవాటి బల్ల బోసిగా మిగిలింది. దాన్ని పూలూ పళ్ళూ నింపాయి.

1861లో లండన్ సౌత్ కెన్సింగ్టన్‌లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ బల్ల అలంకరణకు పోటీ పెడితే, టి.సి. మార్చ్ అనే ఆయన మొదటి బహుమతి గెలుచుకున్నాడు. ఆయన స్టాండు సంగతి చెప్పుకోవాలి. సన్నని గాజు కాడ, దాని అడుగున ఒక వెడల్పు పళ్ళెం, పైన ఇంకొకటి. పూలూ ఫెర్న్ ఆకులూ కిందా పైనా సర్దితే, నడుమ కంటి ఎత్తులో కాడ తప్ప ఏమీ అడ్డు రాదు. ఈనాటి ఫంక్షన్ హాళ్ళలో గుండ్రటి బల్లల మీద నిలబెట్టే పొడవాటి గాజు గొట్టాలు ఆ స్టాండుకు మనవలే. ఆ తర్వాత ‘మార్చ్ స్టాండ్’ అనే పేరు విక్టోరియా కాలపు ఇళ్ళలో స్థిరపడిపోయింది.

షవర్, కొంగ, ముడతల కాగితం

అమెరికాలో పెళ్ళికూతురికి స్నేహితురాళ్ళు చిన్న చిన్న కానుకలిచ్చే షవర్ 1890ల నాటికే వాడుకలో ఉంది. కానుకలు వానలా కురవాలన్నదే ఊహ కనుక గొడుగు దాని తొలి గుర్తు అయింది. కాబోయే తల్లి కోసం చేసే షవర్ దాని వెనకే వచ్చింది, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఊరూరా పాకింది. 1946 నుంచి 1964 దాకా అక్కడ సుమారు 7.6 కోట్ల మంది పిల్లలు పుట్టారు. కొత్త కాలనీలు, కొత్త ఇళ్ళు, పుట్టింటికి దూరంగా ఉన్న యువతులు. ఇరుగుపొరుగు స్త్రీలే చుట్టాలైన చోట ఈ వేడుక బలపడింది.

అప్పటి మర్యాద ప్రకారం తల్లో చెల్లెలో షవర్ చేయకూడదు, సొంతవాళ్ళే కానుకలు అడిగినట్టు ఉంటుందని. కాబట్టి స్నేహితురాలు తన ఇంట్లో, తన ఖర్చుతో, ఒక మధ్యాహ్నం పూట టీతో పెట్టేది. వెండి స్టాండులూ గాజు గొట్టాలూ ఆమె వల్ల అయ్యే పని కాదు. ఆమె చేతికి దొరికింది ముడతల కాగితం, అంటే క్రేప్ పేపర్. 1844లో మెయిన్ రాష్ట్రంలో నగల పెట్టెల తయారీతో మొదలైన డెన్నిసన్ కంపెనీ, తర్వాత మసాచుసెట్స్‌లోని ఫ్రేమింగ్‌హామ్ నుంచి ఈ కాగితాన్ని దేశమంతా అమ్మింది. కాగితం అమ్మాలంటే దాంతో ఏం చేయాలో నేర్పాలని గ్రహించి, విందు అలంకరణల పుస్తకాలు వేసింది. వాటిలో పేరుపడ్డ ‘బోగీ బుక్’ 1909లో హాలోవీన్ కోసం మొదలైంది. ఇంటి ఆడవాళ్ళు చేసే అలంకరణకు ఒక పాఠ్యక్రమం తయారుచేసింది ఈ పుస్తకాలే అనడం అతిశయోక్తి కాదు. ఆ కంపెనీయే 1990లో ‘ఎవరీ’ అనే మరో కంపెనీతో కలిసి ఎవరీ డెన్నిసన్ అయింది.

ముడతల కాగితానికి ఒక గుణం ఉంది: ముడతలకు అడ్డంగా లాగితే సాగుతుంది, నిలువుగా సాగదు. రెక్క ఆకారం కత్తిరించి, రెండు బొటనవేళ్ళతో నడుమ మెల్లగా లాగితే గిన్నెలా లోతు వస్తుంది. అలాంటి ఐదారు రెక్కలను తీగ చుట్టూ చుడితే గులాబీ. తీగ చట్రం మీద దూది పెట్టి తెల్ల కాగితపు పేలికలు అంటించి, పొడవాటి ఎర్ర తీగలు కాళ్ళుగా గుచ్చితే కొంగ. ముక్కుకు మూట, మూటలో చిన్న బొమ్మ. ఆ రోజుల్లో ఈ వేడుకకు ‘స్టార్క్ షవర్’ అన్న పేరు కూడా ఉండేది. ఉత్తర యూరప్‌లో ఇళ్ళ కప్పుల మీద గూడు కట్టే తెల్ల కొంగలు పిల్లల్ని తెస్తాయన్న నమ్మకం, కథారచయిత ఆండర్సన్ 1838లో రాసిన కొంగల కథతో ఇంకా దూరం వెళ్ళింది. 1941లో వచ్చిన డిస్నీ సినిమా ‘డంబో’లో ఏనుగుపిల్లను తెచ్చేదీ కొంగే.

ఆ తరం బల్లల మీద కొంగతో పాటు ‘జాక్ హార్నర్ పై’ అనే సరదా కూడా ఉండేది. పేరు పిల్లల పాట నుంచి వచ్చింది. ఒక వెడల్పాటి పెట్టెకు కాగితంతో పైలాంటి కప్పు వేసి, లోపల అతిథికొక చిన్న వస్తువు పెట్టి, ప్రతిదానికీ ఒక రిబ్బను కట్టి, రెండో కొసను ఆ అతిథి కంచం దాకా పరుస్తారు. అందరూ ఒకేసారి లాగితే కప్పు చిరిగి కానుకలు బయటికొస్తాయి. అలంకరణా, ఆటా, వీడ్కోలు బహుమతీ మూడూ ఒక్కదాంట్లోనే. ఈనాటి డబ్బాల కొద్దీ ప్లాస్టిక్ వస్తువుల కంటే ఇదే తెలివైన పని అనిపిస్తుంది.

రంగుల సంగతి

మగపిల్లవాడికి నీలం, ఆడపిల్లకు గులాబి అన్నది అనాదిగా వస్తున్న ఆచారం కాదు. 1918లో పిల్లల దుస్తుల వ్యాపారుల అమెరికన్ పత్రిక ఒకటి అబ్బాయిలకు గులాబి, అమ్మాయిలకు నీలం నప్పుతుందని రాసింది. దుకాణానికొక తీరుగా సాగిన ఈ వ్యవహారం 1940ల తర్వాతే ఇప్పటి తీరున కుదురుకుంది. పుట్టేది ఎవరో ముందే తెలిసే వీలులేని రోజుల్లో షవర్ బల్లలకు పసుపు, లేత ఆకుపచ్చ, తెలుపు ఎక్కువగా వాడేవారు. అల్ట్రాసౌండ్ వచ్చాకే ఒక్క రంగు థీమ్‌లకు దారి దొరికింది.

ఫోమ్, బుడగలు, డైపర్లు

1954లో అమెరికాలోని ఒహాయోలో వెర్నన్ స్మిథర్స్ నీళ్ళు పీల్చే పూల ఫోమ్‌ను ‘ఒయాసిస్’ పేరుతో తెచ్చాడు. అప్పటిదాకా కోళ్ళ వలనో ముళ్ళ స్టాండునో నమ్ముకున్న పూలవాళ్ళకు ఈ ఆకుపచ్చ ఇటుక పెద్ద సాయమైంది. దీన్ని నీళ్ళలో చేత్తో ముంచకూడదు. పైన తేలనిచ్చి, తనంతట తానే మునిగేదాకా ఆగాలి, లేకపోతే నడిమధ్య పొడిగా మిగిలి ఆ భాగంలో గుచ్చిన పూలు గంటల్లోనే వాడిపోతాయి. ఫోమ్ మట్టిలో కరగదన్న కారణంతో 2021 నుంచి రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తన ప్రదర్శనల్లో దాన్ని నిషేధించింది. పూలవాళ్ళు మళ్ళీ కోళ్ళ వల దగ్గరికే చేరుతున్నారు. బుడగల కథ చిన్నది. 1931లో మసాచుసెట్స్‌లో నీల్ టిలట్సన్ రబ్బరు పాలతో పిల్లి తల ఆకారపు బుడగలు చేసి అమ్మాడు. 1970ల చివర్లో మెరిసే ఫాయిల్ బుడగలు వాటికి తోడయ్యాయి.

షవర్‌కే ప్రత్యేకమైన అలంకరణ డైపర్ కేక్. 1961లో పాంపర్స్ మార్కెట్లోకి రావడం, వాడి పారేసే డైపర్లు ఇంటింటి ఖర్చు కావడం దీనికి పునాది. ఒక్కో డైపర్‌ను గట్టిగా చుట్టి సన్నని రబ్బరు బ్యాండు వేస్తారు. నడుమ ఒక పాల సీసాను నిలబెట్టి, చుట్టలన్నిటినీ దాని చుట్టూ పేర్చి పెద్ద బ్యాండుతో బిగిస్తారు. ఒకదాని మీద ఒకటి మూడు అంతస్తులు, బ్యాండు కనబడకుండా రిబ్బను, పైన మెత్తటి బొమ్మ. మూడు అంతస్తులకు సుమారు 60–70 డైపర్లు పడతాయి. వేడి జిగురు డైపర్‌కు తగలకూడదన్నది గట్టి నియమం, ఎందుకంటే తర్వాత బిడ్డకు వాడాల్సినవే అవి. అప్పుడే పుట్టిన పిల్లల సైజు కొన్ని వారాల్లోనే బిగుతైపోతుంది కాబట్టి తెలిసినవాళ్ళు ఒక సైజు పెద్దవే కొంటారు. బల్ల మీద చక్కెర బొమ్మ కరిగిపోయింది, పింగాణీ బొమ్మ అలమారలో చేరింది. ఇది మాత్రం విప్పి వాడేసుకునేది. ఈ వరసలో ఇంత పనికొచ్చిన అలంకరణ ఇంకొకటి లేదు. చూడటానికి అన్నిటికన్నా అందమైనదని మాత్రం ఎవరూ అనలేరు.

2010లో ఫొటోలు పంచుకునే పింటరెస్ట్ సైటు వచ్చాక, ఒక ఊళ్ళో చేసిన బల్ల మర్నాటికి ప్రపంచమంతా నమూనా అయింది. 1858లో జాన్ మేసన్ పేటెంట్ తీసుకున్న ఊరగాయ సీసాలు కూడా దాని వల్లే పూలకుండీలుగా మారాయి.

తెలుగు ఇళ్ళలో

సీమంతం షోడశ సంస్కారాల్లో ఒకటి. దానికి బల్లతో పనిలేదు. గర్భిణిని పీట మీదో కుర్చీలోనో కూర్చోబెట్టి, ముత్తయిదువులు గంధం పూసి, గాజులు తొడిగి, చలిమిడి, పళ్ళు, పూలు ఒడిలో పెడతారు. అలంకరణ అంతా ఆమె ఎదుట చాప మీద వరసగా పేర్చిన పళ్ళేలదే. పాత మర్యాదలో అమెరికన్ షవర్ దగ్గరివాళ్ళు చేయకూడనిది, సీమంతం దగ్గరివాళ్ళే చేయాల్సినది. ఈ రెండూ డాలస్, న్యూజెర్సీ హాళ్ళలో కలిశాక, ఒకే రోజు పొద్దున ముత్తయిదువుల వేడుక, భోజనాల వేళకు గుండ్రటి బల్లలూ సెంటర్‌పీస్‌లూ అన్న పద్ధతి ఏర్పడింది. హైదరాబాద్, విజయవాడల్లోనూ డెకరేషన్ వాళ్ళు ఇప్పుడు ఈ రెండూ కలిపే చేస్తున్నారు. ఒక్క తేడా ఉంది: పుట్టేది ఎవరో చెప్పడాన్ని 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం నేరంగా చూస్తుంది కనుక, అమెరికాలో 2008 తర్వాత వ్యాపించిన ‘జెండర్ రివీల్’కు ఇక్కడ తావు లేదు. నీలం, గులాబి రెండూ పక్కపక్కన పెట్టడమో, బంతిపూల పసుపు, అరటాకు ఆకుపచ్చ ఎంచుకోవడమో చేస్తారు.

ఈ కలగలుపులో కొత్తగా పుట్టినది గాజుల సెంటర్‌పీస్. ఇత్తడి పళ్ళెం మధ్యలో నిలువు కడ్డీ, దానికి మట్టిగాజులు రంగుల వరసలో, కింద చేమంతులు. 2.4, 2.6, 2.8 సైజులు కలిపి తొడుగుతారు కాబట్టి, భోజనాలయ్యాక ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు ఎవరి చేతికి పట్టినవి వాళ్ళు తీసుకెళతారు.