దీపాలదిన్నె రాళ్లు

అమరావతిలో దీపాలదిన్నె యనబడిన దిబ్బక్రింద రెండువేల యేండ్లనాటి బౌద్ధస్తూప ముండెను. పద్దెనిమిదవ శతాబ్ది చివర రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అచట నూతన రాజధానిని నిర్మింపబూనగా, రాతికొఱకు ఆ దిబ్బను త్రవ్విరి. చెక్కడపు ఫలకములు కొన్ని కొత్త కట్టడములలో కలిసెను; కొన్ని కాలి సున్నమయ్యెను. రాజావారిని నిందింప నాకు మనసొప్పదు. పాతయిల్లు విప్పినపుడు చెక్కడపు గడపను మనమును కొట్టమునకు మెట్టుగా వేయుట లేదా?

కైఫీయతులు సేకరించిన మెకంజీదొర 1797లో ఆ రాళ్లను చూచి, 1816లో మరల వచ్చి, మిగిలినవానికి చిత్రములు వ్రాయించెను. ఆ చిత్రములలోని కొన్ని శిలలు నేడెచ్చటను కానరావు. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి మద్రాసునకు పంపినవానిలో పెక్కింటిని 1859లో లండనునకు తరలించిరి.

స్తూపశిలలపై దాతల పేర్లు చెక్కియుండెడివారు. విధికుడను చర్మకారుడు కుటుంబసమేతముగా పూర్ణఘటఫలక మర్పించినట్లు ఒక శాసనము కలదు. అట్టి పేర్లెన్ని సున్నపుబట్టీలపాలయ్యెనో!