ఎగువన అడవి.. దిగువన కొల్లేరు
రెండూ ఉంటేనే వరదకు కళ్లెం

ఏలూరు: వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు పేర్లు వింటేనే పరీవాహక గ్రామాలు ఉలిక్కిపడతాయి. వేసవిలో అవే ఏర్లలో నీటిచాలు కోసం వెతుక్కోవాలి. ఇందుకు వర్షపాతం ఒక్కటే కారణం కాదు. ఎగువన కొండలపై అడవి, దిగువన చిత్తడి నేల ఏ స్థితిలో ఉన్నాయన్నదీ అంతే ముఖ్యం.

అడవి చేసే పని

బుడమేరు మైలవరం ప్రాంత కొండల్లో పుడుతుంది. తమ్మిలేరు ఖమ్మం జిల్లా వైపు నుంచి చింతలపూడి ప్రాంతం మీదుగా ఏలూరు చేరుతుంది. దట్టమైన అడవిలో వాన చినుకు వేగాన్ని ఆకులు, రాలిన ఆకుల పొర తగ్గిస్తాయి. వేళ్లు గుల్లచేసిన మట్టిలోకి నీరు ఇంకి, వానలు వెలిశాక ఊటగా ఏటిలో కలుస్తుంది. చెట్లు నరికి నేల గట్టిపడితే అదే నీరు గంటల్లో ఏటిలోకి దూకుతుంది. కొట్టుకొచ్చిన మట్టి దిగువన మేటలు వేస్తుంది.

అయితే అడవి నీటిని సృష్టించదు. చెట్లు కొంత నీటిని పీల్చి ఆవిరిగా వదులుతాయి. కుంభవృష్టి ఆగకుండా కురిస్తే తడిసిన నేల ఇక ఇముడ్చుకోలేదు. అప్పుడు భారమంతా చిత్తడి నేలపై పడుతుంది.

కొల్లేరే కుదురు

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేరు ఆ వరదను తనలో పరచుకొని, ఉప్పుటేరు గుండా నిదానంగా సముద్రానికి పంపుతుంది. 3 అడుగుల కాంటూరు వద్ద సరస్సు విస్తీర్ణం సుమారు 135 చదరపు కిలోమీటర్లు. 5 అడుగుల వద్ద 308, 10 అడుగుల వద్ద 901. మట్టం అడుగు పెరగాలంటే అంత విశాలమైన నేల నిండాలి. వరద మెత్తబడేది అందుకే. వేసవిలో మట్టం పడిపోతే ఉప్పుటేరు గుండా ఉప్పునీరు ఎగదన్నుతుంది.

చేపల చెరువుల గట్లు ఈ విస్తీర్ణాన్ని ముక్కలు చేశాయి. 1999లో 5 అడుగుల కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట గట్లు కొట్టేశారు. తర్వాత కొన్ని మళ్లీ లేచాయి. చెరువులపై బతికే కుటుంబాలకు ప్రత్యామ్నాయం చూపకుండా ఈ చిక్కు వీడదు.

2024 హెచ్చరిక

2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ కాలనీలు రోజుల తరబడి నీట మునిగాయి. ఆక్రమణలతో ఇరుకైన ఏటిలో వరదకు చోటు చాలలేదు. గట్లు ఎత్తు పెంచడం సగం పనే. కొండపై చెట్టును, దిగువన సరస్సును కాపాడుకోవడం మిగిలిన సగం.