పరిశోధన పత్రం: రూపం వెనుక చరిత్ర

శాస్త్ర పత్రికకు పరిశోధన పత్రం పంపదలచినవారు ముందుగా చదవవలసింది, ఆ పత్రిక రచయితలకు ఇచ్చే సూచనలను. సారాంశం ఇన్ని పదాలకు మించరాదు, పంక్తుల మధ్య రెట్టింపు ఎడం ఉండాలి, బొమ్మలను విడిగా పంపాలి, ఆధారాల పట్టిక ఫలానా పద్ధతిలో ఉండాలి అంటూ సాగే ఆ సూచనలు పైకి విజ్ఞానశాస్త్రపు తర్కం నుంచి పుట్టినట్లు కనిపిస్తాయి గాని, వాటిలో అధికభాగం ఒకానొక కాలంలో సంపాదకుడికో, అచ్చుకూటంలోని కంపోజిటరుకో, గ్రంథాలయాధికారికో ఎదురైన ఇబ్బందికి విరుగుడుగా వచ్చినవే. ఇబ్బంది తీరిపోయాక కూడా నియమం నిలిచిపోవడం, ఇతరులు చేసే పని మెల్లగా రచయిత నెత్తిన పడడం ఈ చరిత్ర పొడవునా కనిపిస్తాయి.

పత్రికలు లేని కాలంలో పండితుల మధ్య వార్తలు మోసినవి ఉత్తరాలు. కనుగొన్న విషయాన్ని బయటపెడితే మరొకరు తమదంటారన్న భయమూ, దాచుకుంటే మరొకరు ముందుగా ప్రకటిస్తారన్న భయమూ సమానంగా ఉండేవి కనుక, గెలీలియో 1610లో శనిగ్రహం విషయమై తాను చూసినదాన్ని అక్షరాలు తారుమారు చేసిన గూఢవాక్యంగా పంపాడు. స్ప్రింగు సాగుదలకు సంబంధించిన సూత్రాన్ని రాబర్ట్ హుక్ 1676లో అలాగే అక్షరాల గుంపుగా అచ్చువేసి, రెండేళ్ల తరువాత గాని దాని గుట్టు విప్పలేదు. ఈ దాపరికం అవసరం లేని మార్గం చూపినవాడు హెన్రీ ఓల్డెన్‌బర్గ్. జర్మనీలోని బ్రేమెన్‌లో పుట్టి, లండన్‌లో స్థిరపడి, రాయల్ సొసైటీకి కార్యదర్శి అయిన ఆయన, ఐరోపా నలుమూలల నుంచి తనకు వచ్చే ఉత్తరాలలోని విశేషాలను అచ్చు వేయడానికి పూనుకుని 1665 మార్చి 6న ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ తొలి సంచికను వెలువరించాడు. అంతకు రెండు నెలల ముందే, జనవరి 5న, పారిస్‌లో డెనిస్ ద సాలో ‘జుర్నాల్ దె సావాఁ’ను ప్రారంభించి ఉన్నప్పటికీ, అది ప్రధానంగా కొత్త పుస్తకాల పరిచయానికి మొగ్గింది, కొత్త పరిశీలనలకూ ప్రయోగాలకూ పెద్దపీట వేసినది లండన్ పత్రికే. సొసైటీ అనుమతి ఉన్నా పత్రిక లాభనష్టాలు మాత్రం ఓల్డెన్‌బర్గ్ సొంతం. విదేశాలతో సాగించిన ఉత్తరప్రత్యుత్తరాలు ప్రభుత్వానికి అనుమానం కలిగించగా 1667లో ఆయన కొన్నాళ్లు లండన్ టవర్‌లో ఖైదు అనుభవించాడు కూడా. శాస్త్రజ్ఞులకు గూఢాక్షరాల అవసరం తప్పించిన ఈ మనిషే తన ఉత్తరాలను ‘గ్రూబెన్‌డోల్’ అని, సొంత పేరులోని అక్షరాలనే తారుమారు చేసి కల్పించుకున్న మారుపేరుతో తెప్పించుకోవడం ఒక తమాషా.

ఆ తొలినాళ్ల పత్రానికి ఉత్తరానికి ఉండే లక్షణాలే ఉండేవి. 1672లో అచ్చయిన న్యూటన్ రచన, వెలుతురు రంగుల గురించి ఓల్డెన్‌బర్గ్‌ను సంబోధిస్తూ రాసిన లేఖ. అందులో శీర్షికల విభజన లేదు, ప్రయోగం చేసిన మనిషి తాను చేసిన క్రమంలోనే కథ చెబుతాడు. ఉత్తరం చేరిన రోజును నమోదు చేసి, ముందు ఎవరు చెప్పారన్న తగవును తీర్చే పద్ధతికి నేటి వారసత్వం, పత్రం మొదటి పేజీలోనో చివరనో కనిపించే ‘అందిన తేదీ’.

వచ్చినదాన్ని అచ్చు వేయాలా వద్దా అన్న నిర్ణయం ఓల్డెన్‌బర్గ్ ఒక్కడి చేతిలో ఉండేది. 1752లో సొసైటీ పత్రిక బాధ్యతను తానే స్వీకరించి, పత్రాల ఎంపికకు ఒక సంఘాన్ని నియమించింది. ఆ సంఘం ఓటు వేసి తేల్చేదే గాని కారణాలు రాసి ఇచ్చేది కాదు. నిపుణుల చేత లిఖితపూర్వకంగా అభిప్రాయం రాయించే పద్ధతిని 1831లో ప్రతిపాదించినవాడు విలియం హ్యూయెల్. భూమి, శుక్ర గ్రహాల గమనంపై జార్జ్ ఎయిరీ రాసిన పత్రాన్ని పరిశీలించే పని ఆయనకూ, జాన్ లబ్బక్‌కూ అప్పగిస్తే, మొదటి ప్రయత్నంలోనే ఇద్దరికీ పొత్తు కుదరలేదు: పత్రం గొప్పతనాన్ని పదిమందికీ వివరించడమే సమీక్షకుని పని అని హ్యూయెల్ భావించగా, లబ్బక్ గణితంలోని లోపాలను ఎత్తిచూపడానికి పూనుకున్నాడు. నేటి సమీక్షల తీరు చూస్తే లబ్బక్ దారే గెలిచిందని ఒప్పుకోక తప్పదు. అయినా ఈ పద్ధతి అన్ని పత్రికలకూ వెంటనే పాకలేదు. 1936లో ‘ఫిజికల్ రివ్యూ’ సంపాదకుడు గురుత్వ తరంగాలపై ఐన్‌స్టైన్, రోజెన్ రాసిన పత్రాన్ని మరో నిపుణునికి చూపించాడని తెలిసి, జర్మనీలో అటువంటి ఆనవాయితీ ఎరగని ఐన్‌స్టైన్ కోపంతో పత్రాన్ని వెనక్కు తీసుకున్నాడు. పత్రంలో నిజంగానే దోషం ఉందని తేలి, సరిదిద్దిన రూపం వేరే పత్రికలో అచ్చయింది. ‘నేచర్’ పత్రిక ఈ బయటి పరిశీలనను తప్పనిసరి చేసినది 1973లో మాత్రమే.

పత్రం తలపై ఉండే సారాంశం కూడా మొదట రచయిత రాసినది కాదు. సభలలో చదివిన పత్రాల సంగ్రహాన్ని సొసైటీ కార్యదర్శులు కార్యక్రమ వివరాల కోసం రాసి ఉంచేవారు. 1800 నుంచి పోగుపడిన వాటిని 1832లో సంపుటాలుగా ప్రచురించడం మొదలైంది. పత్రికలు పెరిగి ఎవరూ అన్నీ చదవలేని స్థితి వచ్చాక, 1907లో ఆరంభమైన ‘కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్’ వంటి సంకలనాలు ఆ పనినే వృత్తిగా చేపట్టాయి. 20వ శతాబ్దం సాగేకొద్దీ ఆ భారం రచయితకు మళ్లింది. ఉద్దేశం, పద్ధతి, ఫలితం అంటూ ఉపశీర్షికలతో రాసే సారాంశం వైద్య పత్రికలలో 1987 తరువాత వ్యాపించింది.

ఉపోద్ఘాతం, పద్ధతులు, ఫలితాలు, చర్చ అనే నాలుగు భాగాల అమరికను శాస్త్ర ప్రచురణ రంగంలో ‘ఇమ్‌రాడ్’ అంటారు. ఎంతో పాతదిగా తోచే ఈ అమరిక ప్రధాన వైద్య పత్రికలలో 1940లలో తలెత్తి, 1970లలో మెజారిటీ సాధించి, 1980లలో గాని ఏకైక మార్గం కాలేదు. ఇందులోని పద్ధతుల భాగాన్ని పాఠకులు తరచుగా దాటవేస్తారు, కొన్ని పత్రికలు చిన్న అక్షరాలలో అచ్చు వేసేవి కూడా. అయితే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ‘జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ’లో ప్రకటించిన పత్రం ఆసాంతం పద్ధతే: రక్తంలోనూ మూత్రంలోనూ ఉన్న భాస్వరాన్ని నీలిరంగు గాఢతను బట్టి కొలిచే విధానాన్ని మరో ప్రయోగశాలలో మరొకరు చేయగలిగేంత వివరంగా చెప్పడమే దాని బలం కనుక, జీవరసాయన శాస్త్రంలో అత్యంత విస్తారంగా ఉదహరించిన పత్రాల సరసన అది చేరింది. గణితజ్ఞులు మాత్రం ఈ నాలుగు గదుల ఇంటిలోకి రానేలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన సి.ఆర్. రావు 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో వెలువరించిన ప్రసిద్ధ పత్రం సాంఖ్యక అంచనాల కచ్చితత్వానికి గల హద్దును నిరూపణలతోనే నిలబెట్టింది. ప్రయోగశాస్త్రాల అమరికపై గట్టి విమర్శ చేసినది జీవశాస్త్రవేత్త పీటర్ మెడవార్. పరిశోధకుడు ఏ ఊహా లేకుండా వాస్తవాలు పోగుచేసి చివరకు నిర్ణయానికి వచ్చినట్లు చూపే ఈ రూపం, ఆలోచన నిజంగా నడిచిన దారిని వక్రీకరిస్తున్నదని 1963లో బీబీసీ రేడియో ప్రసంగంలో ఆయన వాదించాడు. ఆ విమర్శను చాలామంది మెచ్చుకున్నారు, పత్రాలు మాత్రం అదే మూసలో వస్తూనే ఉన్నాయి.

ఆధారాలు చూపే తీరుకు వస్తే, రచయిత పేరూ సంవత్సరమూ కుండలీకరణాలలో ఇచ్చే పద్ధతి, హార్వర్డ్ జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ 1881లో పెంకులేని నత్త గుడ్లపై రాసిన పత్రం ద్వారా ప్రచారంలోకి వచ్చిందని పేరు. మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1929లో ఒక పత్రికలో కొద్ది పేజీల సూచనలుగా ఆరంభించిన ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) శైలి, 2019 నాటి ఏడవ కూర్పుకు నాలుగు వందల పేజీలు దాటింది. వైద్య పత్రికల సంగతి వేరు. ఒక పత్రిక తిరస్కరించిన పత్రాన్ని మరో పత్రికకు పంపాలంటే ఆధారాల పట్టిక మొత్తం మళ్లీ టైపు చేయవలసి వస్తున్నదని, 1978లో కెనడాలోని వాంకూవర్‌లో కొందరు సంపాదకులు సమావేశమై ఉమ్మడి నియమాలకు అంగీకరించారు. వచనంలో వచ్చిన వరుసలోనే అంకెలు వేసి, చివర అదే వరుసలో పట్టిక ఇచ్చే వాంకూవర్ శైలి అక్కడిది. టైపిస్టు శ్రమ తగ్గించడానికి వచ్చిన ఆ సదుద్దేశం కొంతమేరకే నెరవేరింది. కామా ఎక్కడ, వాలు అక్షరం ఎక్కడ అన్న పట్టింపు పత్రికకొక తీరుగా నేటికీ ఉంది.

రాతప్రతి భౌతిక రూపం అచ్చుకూటం పెట్టిన షరతు. పంక్తుల మధ్య రెట్టింపు ఎడం, సంపాదకుడు దిద్దుబాట్లు రాయడానికీ, ఆ దిద్దుబాట్లను చూస్తూ కంపోజిటరు సీసపు అక్షరాలు కూర్చడానికీ కావలసిన జాగా. బొమ్మలను విడిగా కోరడానికి కారణం, వాటి పలకలనూ బ్లాకులనూ వేరే పనివారు చెక్కి తయారుచేయడం. కంపోజింగ్ పనిని రచయిత చేతికి తెచ్చినవాడు కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ కనూత్: తన గ్రంథం రెండవ సంపుటం కొత్త కూర్పుకు 1977లో వచ్చిన ప్రూఫులలో గణిత సూత్రాలు వికారంగా ఉండడం సహించలేక ఆయన ‘టెక్’ అనే అక్షరకూర్పు ప్రోగ్రామును నిర్మించగా, దానిపై లెస్లీ లాంపోర్ట్ 1980లలో కట్టిన ‘లేటెక్’ భౌతిక, గణిత శాస్త్రజ్ఞులకు నిత్యావసరమైంది. నేడు పత్రికలు ఇచ్చే నమూనా ఫైలులో రచయిత తానే సంపాదకుడు, కంపోజిటరు, ప్రూఫ్ రీడరు అవుతున్నాడు. జీతం మాత్రం ఆ మూడింటికీ లేదు. ఈ భారం గుర్తించి, తొలిసారి పంపేటప్పుడు ఏ రూపంలో ఉన్నా స్వీకరించి, ఆమోదించిన తరువాతే తమ శైలి కోరే ప్రచురణకర్తలు కొందరు ఇటీవల కనిపిస్తున్నారు.

నియమాల పెరుగుదల మాత్రం ఆగలేదు. వాంకూవర్‌లో కలిసిన బృందానికి వారసురాలైన వైద్య పత్రికా సంపాదకుల అంతర్జాతీయ సంఘం, కృత్రిమ మేధ సాధనాలను రచయితలుగా పేర్కొనరాదనీ, వాటిని వాడితే ఎలా వాడారో పత్రంతోపాటు పంపే లేఖలోనూ పత్రంలోనూ తెలపాలనీ 2023లో తన సిఫారసులకు కొత్తగా చేర్చింది.