హ్యాకర్లు దాడి చేస్తే కాపాడేదెవరు? మన డేటా పోతే మనకు చెప్పేదెవరు?

సైబర్ దాడి అనగానే 'సైబర్ పోలీసులు చూసుకుంటారులే' అనుకుంటాం. కానీ మన దేశంలో ఈ బాధ్యత ఒక్కరి చేతిలో లేదు. ఆస్పత్రిలో మీ రిపోర్టులు పోతే ఒకరు, పవర్ గ్రిడ్‌పై దాడి జరిగితే ఇంకొకరు, మీ ఖాతాలో డబ్బు మాయమైతే మరొకరు చూస్తారు. ఎవరి పని ఏంటో తెలుసుకుందాం.

ఎయిమ్స్‌లో ఏం జరిగింది?

2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్‌పై ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగింది. ఓపీ రిజిస్ట్రేషన్ నుంచి ల్యాబ్ రిపోర్టుల దాకా అన్నీ చేత్తో రాయాల్సి వచ్చింది. రోగులు గంటల తరబడి క్యూలో నిల్చున్నారు. 5 సర్వర్లు దెబ్బతిన్నాయని, సుమారు 1.3 టెరాబైట్ల డేటాను హ్యాకర్లు ఎన్‌క్రిప్ట్ చేశారని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. నెట్‌వర్క్‌ను సరిగ్గా విభజించకపోవడమే కారణమని చెప్పింది. అంటే ఒక గదిలో దొంగ దూరితే, మిగతా గదులకూ తాళం లేనట్టే. బ్యాకప్ సర్వర్ ఒకటి సేఫ్‌గా ఉండటంతో ఈ-హాస్పిటల్ డేటా తిరిగొచ్చింది.

మన దగ్గరా ఇలాంటివి జరిగాయి. 2019లో ఏపీ, తెలంగాణ విద్యుత్ డిస్కంల వెబ్‌సైట్లు ర్యాన్సమ్‌వేర్ బారిన పడ్డాయి. 2024లో ఏకంగా తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ డేటానే లీకైంది.

ఎవరి పని ఏంటి?

* సెర్ట్-ఇన్: కేంద్ర ఐటీ శాఖ కింద 2004 నుంచి పనిచేస్తోంది. ఎక్కడ దాడి జరిగినా సమాచారం ముందు ఇక్కడికే చేరాలి.
* ఎన్‌సీఐఐపీసీ: విద్యుత్, బ్యాంకింగ్, టెలికాం, రవాణా లాంటి కీలక వ్యవస్థల రక్షణ దీని పని. 2014లో ఏర్పాటైంది.
* ఐ4సీ: కేంద్ర హోం శాఖ విభాగం. సైబర్ నేరాల కట్టడికి రాష్ట్రాల పోలీసులతో కలిసి పనిచేస్తుంది.
* తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో: రాష్ట్రంలో సైబర్ నేరాల కోసం ప్రత్యేకంగా పెట్టిన పోలీసు విభాగం.

ప్రైవేట్ కంపెనీల సంగతేంటి?

2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, దాడిని గుర్తించిన 6 గంటల్లోపు కంపెనీలు రిపోర్ట్ చేయాల్సిందే. సిస్టమ్ లాగ్‌లను 180 రోజులు దాచి ఉంచాలి. ప్రభుత్వ ఆఫీసులకూ ఇదే రూల్.

మరి కంపెనీయే ఎదురు హ్యాకింగ్ చేయొచ్చా? కుదరదు. అనుమతి లేకుండా వేరేవాళ్ల సిస్టమ్‌లోకి దూరితే ఐటీ చట్టం సెక్షన్ 66 కింద 3 ఏళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. కంపెనీ తన గోడలు గట్టిగా కట్టుకోవాలి. దొంగ వెంట పడాల్సింది మాత్రం ప్రభుత్వమే.

అసలు చిక్కు ఇక్కడే

6 గంటల రిపోర్ట్ వెళ్లేది సెర్ట్-ఇన్‌కు. మీకు కాదు! మీ ఆధార్, ఫోన్ నంబర్, మెడికల్ రిపోర్టులు లీకైనా, ఆ విషయం మీకు చెప్పాలని ఆ ఆదేశాల్లో లేదు.

ఈ లోటు తీర్చేందుకే 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. డేటా లీకైతే బాధితులకూ చెప్పాలి. చెప్పకపోతే రూ.200 కోట్ల వరకు, అసలు భద్రతా చర్యలే తీసుకోకపోతే రూ.250 కోట్ల వరకు జరిమానా. రూల్స్ 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. అయితే కంపెనీలపై ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. అప్పటిదాకా మన జాగ్రత్తలో మనం ఉండాల్సిందే.

మీరేం చేయాలి?

* డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును మధ్యలోనే ఆపే ఛాన్స్ అంత ఎక్కువ.
* ఏదైనా సంస్థ డేటా లీకైందని తెలిస్తే అక్కడి పాస్‌వర్డ్ మార్చండి. అదే పాస్‌వర్డ్ వేరేచోట వాడుతుంటే అక్కడా మార్చండి.
* లీక్ వార్త తర్వాత 'మీ డేటా సరిచేస్తాం, ఓటీపీ చెప్పండి' అంటూ ఎవరైనా కాల్ చేస్తే నమ్మొద్దు. అలాంటి వార్త రాగానే మోసగాళ్లు దాన్నే వాడుకుంటారు.