గ్లూటెన్ పడని పిల్లలతో థీమ్ పార్కుకు వెళ్తున్నారా?

సెలవులొస్తే చాలు, రామోజీ ఫిల్మ్ సిటీకో వండర్‌లాకో తీసుకెళ్లమని పిల్లలు పట్టుబడతారు. ఇంట్లో ఎవరికైనా సీలియాక్ జబ్బు ఉంటే టికెట్ల కన్నా ముందు తిండి సంగతి చూసుకోవాలి. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ వీళ్ల చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. జీవితాంతం పథ్యమే దీనికి మందు. ఈ ఒక్కరోజుకే కదా అంటే కుదరదు.

నాన్, సమోసా, నూడుల్స్ తినకూడదని తెలిసిందే. తెలియకుండా కడుపులోకి పోయేవీ ఉన్నాయి. హలీంలో గోధుమ ఉంటుంది. డబుల్ కా మీఠా బ్రెడ్డుతో చేసేదే. మామూలు సోయా సాస్‌లో, చాలా రకాల ఇంగువ పొడిలో కూడా గోధుమ కలుస్తుంది. సమోసాలు వేగిన నూనెలోనే వేయించిన ఫ్రెంచ్ ఫ్రైస్ కూడా పనికిరావు. హలాల్ బోర్డు మాంసానికి భరోసా, గ్లూటెన్‌కు కాదు.

బిర్యానీ బియ్యంతోనే చేస్తారు. అయినా మసాలాలో, వేయించిన ఉల్లిపాయల్లో పిండి కలిపారా అని కౌంటర్ దగ్గర కాదు, వంట మాస్టర్‌నే అడగండి. గరిటె, పళ్లెం వేరుగా పెట్టమనండి.

ఇంటి నుంచి పెరుగన్నం, ఉడికించిన గుడ్లు, పండ్లు తీసుకెళ్తే నిశ్చింత. జొన్న రొట్టెలైతే గోధుమలు పట్టే గిర్నీలో ఆడించిన పిండి వాడొద్దు. ప్యాకెట్లు కొంటే ‘గ్లూటెన్ ఫ్రీ’ అని ఉన్నవే కొనండి. మన దేశంలో ఆ మాట రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు.

బయటి తిండి లోపలికి రానివ్వని పార్కులుంటాయి. ముందురోజే ఫోన్ చేసి మాట్లాడండి, డాక్టర్ చీటీ వెంట ఉంచుకోండి.